మర్చిపోవాల్సిన పది మాటలు

ఎమ్మిగనూరులో మగ్గాల వీధి మధ్యాహ్నం పూట కలగంటూ పనిచేస్తుంది. గుంత మగ్గంలో కాళ్లు దించుకుని కూర్చున్న మనిషి చేతులు పోగును మోసే నాడెను ఇటూ అటూ విసురుతూనే ఉంటాయి, కళ్లు మాత్రం ఎక్కడో ఉంటాయి. వీధి పొడుగునా ఆరబెట్టిన పడుగు నూలు గంజి వాసన వేస్తూ గాలికి కొంచెం కొంచెంగా ఊగుతుంటుంది. వీధి చివరి గదిలో ఆరేళ్లుగా అద్దెకుంటున్న సుగుణమ్మ టీచరుకు ఆ మగ్గాల చప్పుడు లేకపోతే పుస్తకం చదవడం చేతకాదు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, ఇంత సంగటి తిని, చాప పరుచుకుని పుస్తకం తెరిచేది. రెండు పేజీలు తిరిగేసరికి తను చదువుతోందో, మగ్గాలే తనకు చదివి వినిపిస్తున్నాయో తెలిసేది కాదు.

ఆమె చదివేది మనస్తత్వశాస్త్రం. బడి ఉద్యోగం చేసుకుంటూనే బి.ఏ. పట్టా కోసం. 1958 నాటికి ఆమెకు ముప్పై ఏళ్లు. హెడ్మాస్టరు ఈ సంగతి విని, "మనసు తెలుసుకోనీకి పట్టా ఏంటికమ్మా? ఒక పెండ్లి చేసుకుంటే చాలదా?" అని పకపకా నవ్వాడు. సుగుణమ్మ కూడా నవ్వింది. నవ్వి ఊరుకోవడం ఆమెకు బాగా వచ్చు. అది చూసి ఈమెకు పట్టుదల లేదనుకునేవాళ్లు ఊళ్లో చాలామంది ఉండేవాళ్లు. వాళ్లంతా పొరబడ్డారు.

ఆ చదువు మీద ఆశ ఎమ్మిగనూరులో పుట్టింది కాదు. గూడూరు పక్కన పల్లెలో ఆమె నాయన అబ్రహాం కూలిపనులు చేసేవాడు. ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు తల్లి పోయింది. అబ్రహాం ఏడవలేదు. మాట్లాడటం మానేశాడు, అంతే. వేరుశనగ విత్తనం వేసిన నాటి నుంచి కాయ పీకే దాకా ఆయన నోట ఒక్క మాట లేదు. పనికి పోయేవాడు, సంగటి కెలికేవాడు, బిడ్డకు తల దువ్వి జడ వేసేవాడు. ఆ పిల్ల ఎదురుగా కూర్చుని నాయన కళ్లలోకి చూసేది. కళ్లున్నాయి, నాయన లేడు. దయ్యం పట్టిందన్నారు కొందరు, ప్రార్థనలు చేశారు కొందరు. ఒకరోజు పొద్దున ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్పు సాల్లేదు పాపా" అన్నాడు. ఆ పూట నుంచి మళ్లీ మామూలు మనిషే. అన్నాళ్లూ ఎక్కడికి పోయాడో ఆయన చెప్పలేదు, ఈమె అడగలేదు. మనిషి ఇక్కడే కూర్చుని ఇంకెక్కడికో ఎట్లా పోతాడో, ఎట్లా తిరిగొస్తాడో తెలుసుకోవాలన్న కోరిక మాత్రం ఆ చిన్న గుండెలో పడిపోయింది. తర్వాత టీచరు ట్రైనింగులో పిల్లల మనసు గురించి ఒక పాఠం వచ్చింది. మిగతావాళ్లు దాన్ని పరీక్షకు చదివి పారేశారు. సుగుణమ్మ మాత్రం, ఇట్లాంటి చదువు కూడా ఒకటుందా అని రాత్రంతా ఆశ్చర్యపోయింది.

ఉంది కానీ, చేతికందే ఎత్తులో లేదు. చరిత్రో తెలుగో తీసుకుంటే ఇంట్లోనే చదివి పరీక్ష రాసేయవచ్చు. మనస్తత్వశాస్త్రానికి అట్లా కుదరదని విశ్వవిద్యాలయం వాళ్లు ఉత్తరం రాశారు. ఇంటర్మీడియెట్ పాసై ఉండాలన్నారు, అది ఆమె అంతకుముందే కట్టి పాసైంది. రెండు వేసవులు కాలేజీకి వచ్చి పాఠాలు వినాలన్నారు, రెండు వేసవులూ ఇనుప పెట్టె మోసుకుంటూ పోయి విని వచ్చింది. మిగిలింది ప్రయోగాల పుస్తకం. మనుషుల మీద పన్నెండు ప్రయోగాలు చేయాలి. సొంత బంధువులు పనికిరారు. ఒక్కోదానికి ఐదుగురు ఉండాలి, వచ్చిన అంకె వచ్చినట్టే రాయాలి, విశ్వవిద్యాలయం ఒప్పుకున్న అధ్యాపకుడు ప్రతి ప్రయోగం కింద సంతకం పెట్టాలి. పన్నెండులో ఒకటి తగ్గినా పరీక్ష హాల్లోకి రానివ్వరు. పైగా బయటి నుంచి రాసేవాళ్లకు ఆ సబ్జెక్టు ఆ ఏడాదితో సరి. ఫిబ్రవరి నెలాఖరుకు పుస్తకం చేరకపోతే ఆమెకు మనస్తత్వశాస్త్రంలో పట్టా ఈ జన్మకు లేనట్టే.

సంతకం పెట్టే పెద్దమనిషి ఆదోనిలోనే ఉండటం ఆమె అదృష్టం. గోవిందయ్య పత్తి వ్యాపారుల ఇంట పుట్టి, పత్తిని వదిలేసి, మద్రాసులో ముప్పై ఏళ్లు ఆ శాస్త్రమే చెప్పి రిటైరై వచ్చాడు. అన్నగారి పత్తి కొట్టు మీది గదిలో పుస్తకాలతో కాపురం. ఆదోని గాలిలో జిన్నింగు మిల్లుల దూది ఎప్పుడూ తేలుతుంటుంది. అది కిటికీలోంచి వచ్చి ఆయన భుజాల మీద, బల్ల మీద, సుగుణమ్మ తల మీద నెమ్మదిగా వాలేది. ఆమె శనివారం ఒంటిపూట బడి కాగానే బస్సెక్కి పోయేది. ఆయన దూది ఊదుకుంటూ పేజీలు తిప్పి, తప్పు దొరికితే కింద కొట్లో బేరగాళ్లకు కూడా వినబడేలా తిట్టేవాడు. సాయంత్రం తిరుగు బస్సులో ఎర్రటి ఎండ ముఖం మీద పడుతుంటే ఆ తిట్లు తలుచుకుంటూ ఆమె హాయిగా కునుకు తీసేది.

ఇక ప్రయోగాలకు మనుషులు. మగ్గాల వీధికి వచ్చిన కొత్తలో ఆమెను ఎవరూ గడప దాటి రానిచ్చేవాళ్లు కాదు. దాహమడిగితే చెంబు ఎత్తి దోసిట్లో పోసేవాళ్లు. కిరస్తానం పంతులమ్మ గదా అని. నూలు కండెలు చుట్టే హనుమక్క కొడుకు షోలాపూరు మిల్లులో ఉండేవాడు. వాడి ఉత్తరం వచ్చినరోజు ఆ ముసలామె, దాన్ని చదివి పెట్టడానికి గుమ్మంలో నిలబడ్డ సుగుణమ్మను చూసి, "బైట నిలబడుకుని సదివితే నా కొడుకు మాటలన్నీ వీధి పాలైతాయి. లోపలికి రా, ఈడ కూకో" అని చెయ్యి పట్టి లాగింది. హనుమక్క లాగాక మిగతా గడపలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. అందుకే ప్రయోగాలకు ఐదుగురు కావాలంటే వెతుక్కునే పనే లేకపోయింది. హనుమక్క, మగ్గం నేసే సుంకన్న, అతని భార్య ముత్తమ్మ, రంగులద్దే కాశప్ప, పడుగుకు గంజి పెట్టే తిక్కయ్య.

పదకొండు ప్రయోగాలు నవ్వుల్లో గడిచిపోయాయి. ఇసుక నింపిన డబ్బాలు చేతిలో పెట్టి ఏది బరువో చెప్పమంటే తిక్కయ్య రెండూ కిందపెట్టి, "ఇంత ఇసుక ఏంటికి మోస్తాండావు తల్లీ, సెప్తే నేను తెస్తాను గదా" అన్నాడు. రంగు కాగితాలు చూపించి ఏది నచ్చిందో చెప్పమంటే కాశప్పకు ఒకటీ నచ్చలేదు. "ఇది ఆకుపచ్చ కాదు పంతులమ్మా, ఎవడో పసుప్పచ్చను సెడగొట్టినాడు" అని కోప్పడ్డాడు. అవన్నీ ఆమె ఉన్నదున్నట్టు రాసింది. గోవిందయ్య తిడుతూనే పదకొండు సంతకాలు పెట్టాడు.

పన్నెండోది మరుపు గురించి. అర్థం పర్థం లేని పది మాటలు చదివి వినిపించి, అప్పజెప్పేదాకా నేర్పాలి. గంటకు ఒకసారి, మర్నాడు ఒకసారి, వారానికి ఒకసారి ఎన్ని గుర్తున్నాయో అడగాలి. గంటలోనే సగం పోతాయని, వారానికి రెండో మూడో మిగులుతాయని పుస్తకంలో ఉంది. ఆ జారుడును గీతగా గీయాలి. సుగుణమ్మ మాటలు తయారుచేసింది. మెబు, గిడొ, తోజి, లూఫె... ఇట్లా పది. నేర్చుకునేటప్పుడు ముత్తమ్మ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. గంట తర్వాత అడిగితే ఐదుగురూ పదికి పది. మర్నాడూ పదికి పదే. వారానికి కూడా, వరస తప్పకుండా, పదికి పది.

శనివారం గోవిందయ్య ఆ పేజీ చూశాడు. గీత జారలేదు, పడుకున్నట్టు తిన్నగా ఉంది. ఆయన ఈసారి అరవలేదు. అందుకే ఆమెకు భయమేసింది.

"ఇంట్లో కూర్చుని రాసినావా?" అన్నాడు.

"లేదు సార్. అడిగే రాసినా. వాళ్లు చెప్పిందే."

"మనిషన్నవాడు మర్చిపోతాడమ్మా. ఐదు మంది, వారం రోజులు, ఒక్క మాట జారలేదంటే నేను నమ్మను, పరీక్ష చేసేవాళ్లూ నమ్మరు. దీని కింద నేను సంతకం పెట్టను." పుస్తకం మూసి ఆమె వైపు జరిపాడు. నెలాఖరుకు పదమూడు రోజులే ఉంది.

సుగుణమ్మ ఎమ్మిగనూరులో బస్సు దిగి వీధిలో అడుగుపెట్టింది. ఏళ్ల తరబడి వింటున్న మగ్గాల చప్పుడు ఎందుకో ఆ సాయంత్రం కొత్తగా వినిపించింది. నిలబడి చెవి పెట్టింది. సుంకన్న నాడె విసురుతూ మెబు అంటున్నాడు, తిరిగొచ్చేటప్పుడు గిడొ అంటున్నాడు. పక్కింట్లో ముత్తమ్మ చెల్లెలు కూడా అదే అందుకుంది. అర్థం లేని మాటలు నూలు పోగుల మీదుగా ఇంటి నుంచి ఇంటికి తేలిపోతున్నాయి. వీధి వీధంతా మెబు గిడొ తోజి లూఫె అని పాడుకుంటోంది. ఒక్క క్షణం ఆమెకు తను ఇంకా బస్సులో నిద్రపోతున్నానేమో అనిపించింది.

"ఏమి సుంకన్నా ఇది?" అని అడిగింది.

సుంకన్న మగ్గం ఆపి గర్వంగా చూశాడు. "మేము మర్సిపోతే నీకు మార్కులు తగ్గుతాయి గదా పంతులమ్మా. అందుకే ఒకరికొకరం అప్పజెప్పుకుంటాండాము. పొద్దున లేస్తానే ఒకసారి, బువ్వ తినేటప్పుడు ఒకసారి. నీ పరీచ్చ పోగొట్టే మనుషులమా మేము?"

ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి రావడంతో గుమ్మంలో కూలబడింది. చిన్నప్పటి నుంచి ఆమె కోసం ఇంతమంది కలిసి ఏదీ చేసింది లేదు. చేసిన ఒక్క పనీ ఆమె కొంప ముంచేట్టుంది.

ఆ రాత్రే ఐదుగురినీ హనుమక్క అరుగు మీద కూర్చోబెట్టి విడమర్చి చెప్పింది. "మీరు మర్చిపోవాలి. అప్పజెప్పుకోకూడదు, తలుచుకోకూడదు. మీరు మర్చిపోతేనే నేను పాసయ్యేది."

"మర్సిపోయేదానికి కూడా పరీచ్చ పెడతారా?" అన్నాడు తిక్కయ్య. "అదైతే మాకు నేర్పే పనే ల్యా."

కొత్త పది మాటలు నేర్పింది. ఈసారి వీధి నోరు కట్టేసుకుంది. గంటకు సుంకన్న ఆరు చెప్పాడు, మర్నాటికి నాలుగు, వారానికి రెండు. కాశప్ప, ముత్తమ్మ, తిక్కయ్య కూడా కాస్త అటూ ఇటూగా అంతే. ఒక్కో మాట జారిపోతున్నప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి. మర్చిపొమ్మని ఎంత చెప్పినా, చెప్పలేకపోయినప్పుడు మనిషి సిగ్గుపడతాడు. హనుమక్కకు వారానికి ఒక్కటే మిగిలింది. "కూఫి... ఆ పైన ఏమీ ల్యా. ముసల్దాన్ని గదమ్మా, అన్నీ పోయినాయి" అని చేతులు తిప్పేసింది.

శనివారం గోవిందయ్య గీతలు చూసి మెత్తబడ్డాడు. హనుమక్క గీత మీద వేలు పెట్టి, "ఇదీ మనిషి జ్ఞాపకమంటే! పుస్తకంలో వేసిన బొమ్మ కూడా ఇంత అందంగా లేదు" అని సంతకం పెట్టాడు. పుస్తకం సోమవారం పోస్టు చేస్తే గడువుకు అందుతుంది. ఆ సాయంత్రం సుగుణమ్మ బస్సులో నిద్రపోలేదు. కిటికీ పట్టుకుని, పట్టా వచ్చాక పల్లెకు పోయి నాయన పక్కన కూర్చుని ఆ పాత సంగతి అడగాలని, ఏ మాటతో మొదలుపెట్టాలా అని ఆలోచించింది.

ఆదివారం చర్చి నుంచి తిరిగొస్తూ, సంతకం సంగతి చెబుదామని హనుమక్క ఇంటి వైపు తిరిగింది. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల రాట్నం తిరుగుతోంది. ముసలామె కండె చుట్టుకుంటూ సన్నగా, తనకు తానే జోల పాడుకుంటున్నట్టు పాడుతోంది. నొబె, కూఫి, రిడో... సుగుణమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. పది. వరసగా పది. మళ్లీ మొదటి నుంచి పది. ఒక్కటీ పోలేదు.

పంతులమ్మ పాసవ్వాలంటే మర్చిపోవాలి. అందుకని హనుమక్క మర్చిపోయినట్టు చెప్పింది. అంతే సంగతి.

సుగుణమ్మ తలుపు నెట్టలేదు. చప్పుడు చేయకుండా గదికి వచ్చి పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎవరికీ తెలియదు. సంతకం ఉంది. అంకె తను కల్పించింది కాదు, మనిషి చెప్పిందే రాసింది. ఇట్లా ఎంతసేపు సర్దిచెప్పుకున్నా, ఆ అందమైన గీత దగ్గరికి వచ్చేసరికి మనసు ఒప్పుకోలేదు. మనిషి లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలనే గదా ఈ చదువు. లోపల పది మాటలు పాడుకుంటున్న మనిషిని ఒక్కటే గుర్తుందని రాసి పట్టా తెచ్చుకుంటే, రేపు నాయన ముందు ఏ ముఖంతో కూర్చోవాలి? మిగతా నలుగురిలో ఇంకెవరు ఇట్లా చేశారో, అదీ తెలియదు. హనుమక్క మీద ఆమెకు కోపం రాలేదు. వస్తే బాగుండునని మాత్రం అనుకుంది.

సోమవారం బడికి సెలవు చీటీ పంపి ఆదోని పోయింది. విషయమంతా విన్నాక గోవిందయ్య లేచి కిటికీ దగ్గరికి పోయాడు. కింద పత్తి బేళ్ల బండ్లు పోతున్నాయి.

"సంతకం పెట్టేసినా గదమ్మా," అన్నాడు. "నువ్వు చెప్పకపోయుంటే నాకు తెల్సేది కాదు. ఎవరికీ తెల్సేది కాదు."

"నాకు తెలుసు సార్."

"మళ్లీ చేసేదానికి వారం లేదు. ఇది కొట్టేస్తే పదకొండే మిగుల్తాయి. పదకొండుకు వాళ్లు హాల్లోకి రానివ్వరు. ఆలోచించుకున్నావా?"

"ఆలోచించుకునే వచ్చినా."

ఆయన కలం మూత తీశాడు. సంతకం మీద అడ్డంగా గీత గీయడానికి ఆయనకు చాలా సమయం పట్టింది. గీసి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ముప్పై ఏళ్లు చెప్పినా నేను ఈ పాఠం. ఎన్ని వందల మందిని కూర్చోబెట్టి అడిగినానో. నా కోసం ఒక్కరు కూడా ఇంత కష్టపడి మర్చిపోలేదమ్మా" అన్నాడు. ఆయన గొంతు అట్లా పలకడం ఆమె ఎప్పుడూ వినలేదు. దండం పెట్టి మెట్లు దిగింది.

తర్వాత రెండేళ్లకు సుగుణమ్మ చరిత్ర తీసుకుని బి.ఏ. పాసైంది. ఆ సంగతి మగ్గాల వీధిలో ఎవరికీ చెప్పలేదు. వాళ్ల దృష్టిలో ఆమె అంతకుముందే పాసైపోయింది.

వాళ్ల లెక్కన ఆమె పాసైంది ఆ 1958 జూన్ నెలలోనే. పరీక్ష ఫలితాలు పేపర్లో పడ్డాయని ఎవరో చెబితే సుంకన్న బస్టాండు దాకా పోయి పేపరు తెచ్చాడు. అతనికి చదవడం రాదు. పేపరు పరిచి, "నీ నెంబరు యాడుంది పంతులమ్మా?" అన్నాడు. చుట్టూ కాశప్ప, తిక్కయ్య, ముత్తమ్మ, ఇంకా వీధిలో సగం మంది. హనుమక్క అందరినీ తోసుకుంటూ ముందుకొచ్చి నిలబడింది. పరీక్షే రాయలేదని చెబితే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే ఈ ముసలామె ఏమవుతుందో సుగుణమ్మకు ఏ పుస్తకమూ తెరవకుండానే తెలుసు. ఒక్క అంకె తప్పు రాయలేనిది, ఆ నంబర్ల వరసల్లో ఎవరిదో తెలియని ఒక నంబరు మీద వేలు పెట్టింది.

"ఇదో, ఈడుంది" అంది.

వీధిలో ఆ పూట మగ్గాలు ఆగిపోయాయి. బొరుగులు, బెల్లం తెచ్చి పంచారు. అందరూ అటూ ఇటూ అయ్యాక హనుమక్క ఆమె పక్కన వచ్చి కూర్చుని చెవి దగ్గరికి వంగింది.

"నీకొక మాట సెప్తా, ఎవరితోనూ అనొద్దు. ఆ పొద్దు నాకు పదీ గుర్తుండాయి. ఎంత మర్సిపోదామన్నా పోల్యా. నీ పరీచ్చ పోతాదని భయమై, మర్సిపోయినాననినా."

సుగుణమ్మ కళ్లు పెద్దవి చేసింది. "అట్లనా అక్కా! నేను కనుక్కోలేకపోయినానే!"

"యాడ కనుక్కుంటావు? ఎంత సదివినా నువ్వు సిన్నపిల్లవే." ముసలామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వింది. "నేనట్ల సెప్పబట్టే గదా పాసైనావు?"

"అవునక్కా. నువ్వట్ల చెప్పబట్టే" అంది సుగుణమ్మ.

హనుమక్క ఆమె చెయ్యి లాక్కుని, పిడికిలి తెరిచి, ఇంకొన్ని బొరుగులు పోసింది.